పద్నాలుగు అడుగుల బండి

ప్రొద్దుటూరు నుంచి విశాఖపట్నానికి ఇల్లు మారిన సంగతి ఎవరైనా అడిగితే, మొదట్లో నేను ఒక్క ముక్కే చెప్పేదాన్ని, శానా తక్కువలో వచ్చేసినాం అని. ఎట్లా వచ్చామో వివరంగా చెప్పేదాన్ని కాదు. అడిగినవాళ్ళు మెచ్చుకుంటే ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనడం మానేశాను. ఎందుకు మానేశానో ఇంతవరకు ఇద్దరికే తెలుసు.

మా ఆయన జమ్మలమడుగు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు పనిచేశాడు. మేము ప్రొద్దుటూరులో అద్దెకు ఉండేవాళ్ళం. ఆయన రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. గాజువాక పక్కన ఇంకో ఫ్యాక్టరీలో జీతం ఎక్కువ ఇస్తామంటే ఒప్పుకున్నాడు. తనంతట తాను మారిన ఉద్యోగం కాబట్టి సామాను చేర్చే ఖర్చు మేమే పెట్టుకోవాలి. సామాన్లు ప్యాక్ చేసి చేర్చే కంపెనీ మనిషి ఒకతను వచ్చి, గదులన్నీ ఫోనులో ఫోటోలు తీసుకుని, ఒక అంకె చెప్పి పోయాడు.

"ఆ దుడ్లు పెడితే ఆడికి పోయి కొత్త సామానే కొనుక్కోవచ్చు గదా," అన్నాను మా ఆయనతో.

"అయితే నువ్వే చూడు. ఈ పనుల్లో నీకున్న తెలివి నాకు లేదు," అన్నాడు.

ఆ మాటకు పొంగిపోయాను. నిజంగానే నాకు ఖర్చు తగ్గించడమంటే ఇష్టం. ఆ నెలంతా అదే పని. బట్టల అంగళ్ళ చుట్టూ తిరిగి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చాను. పండగలకు చీరలు కొనే అంగడి శెట్టి, "పెట్టెలకు దుడ్లేందమ్మా, కావాల్సినన్ని తీసుకపో," అని దారమూ ఒక ఉండ ఇచ్చాడు. గాజు సామాన్లకు పాత చీరలు చుట్టాను. గిన్నెల్లో గిన్నెలు, బియ్యం డ్రమ్ములో దుప్పట్లు, వాషింగ్ మిషన్ లోపల పిల్ల పుస్తకాలు. కూలర్ అమ్మేశాను. పాత డబల్ కాట్ అమ్మలేకపోయాను, దాన్ని విప్పి కట్టలు కట్టాను. ఒక్కొక్క పెట్టె మీద లోపల ఏముందో రాసి వరసగా పేరుస్తుంటే, ఇంత బాగా ఎవరూ ఇల్లు మారి ఉండరని అనిపించేది.

మా కింది వాటాలో ముందు గది అద్దెకు తీసుకుని ఒకామె బట్టలు కుట్టేది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను పాపా అనేది, మా పాపను చిన్నపాపా అనేది. సొంతూరు పులివెందుల పక్కన ఒక పల్లె. భర్త పోయినాక కూతుర్ని వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు వచ్చి, మిషన్ మీదే ఆ పిల్లను నర్సింగు చదివించింది. ఆమె దగ్గర రెండు మిషన్లు ఉండేవి. ఒకటి మామూలుది, కాలితో తొక్కేది. రెండోది మోటారుతో నడిచేది, చీరల అంచుకు పీకో కుట్టేది. వాటి పక్కన నడుము ఎత్తు కత్తిరింపు బల్ల. మా పాప చిన్నప్పటి గౌన్లు చాలా మటుకు ఆ బల్ల మీద మిగిలిన గుడ్డల్లోంచి వచ్చినవే. డబ్బులిస్తే, "చిన్నపాప గౌనుకు కూడా దుడ్లు తీసుకుంటే నేను బాగుపడినట్లే," అని నా చెయ్యి వెనక్కి నెట్టేది.

మేము విశాఖపట్నం పోతున్నామని తెలిసినప్పుడు ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ ఉంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"నేనూ ఆడికే పోతాండా పాపా. మా పాపకు ఆడ ఆస్పత్రిలో ఉద్యోగమొచ్చి ఏడాదాయె. ఒక్కతే ఉండలేనంటాంది. పోవాల్నా వద్దా అని ఆలోచన చేస్తాంటి. మీరూ పోతాండారంటే నాకు ధైర్యమొచ్చింది."

ఇద్దరం కలిసి ఒకటే లారీ మాట్లాడుకుందామన్నది నేనే. చెరిసగం పెట్టుకుంటే ఇద్దరికీ కలిసొస్తుందన్నాను. ఆమె మిషన్ ఆపి నా వైపు చూసింది.

"నా సామాను ఎంతుండాది పాపా. మంచం, చిన్న బీరువా, నాలుగు గిన్నెలు. అయితే మిషన్లు రెండూ, బల్ల మాత్రం రావాల. కొత్త ఊర్లో ఎవురూ రాంగానే జాకెట్టు ఇయ్యరు. కొలత ఇయ్యాలంటే నమ్మకం కుదరాల. పీకోకు, ఫాల్‌కు ఆ నమ్మకం అక్కర్లా. ముందు చీర ఇస్తారు, పని చూసి అప్పుడు జాకెట్టు ఇస్తారు. పీకో మిషన్ లేకుంటే నాకు ఆడ వాకిలే తెరుచుకోదు."

"అన్నీ పడతాయిలే అక్కా. పెద్ద బండే మాట్లాడతా," అన్నాను.

పులివెందులలో మా పెదనాన్నకు చీనీ తోట, ఇక్కడివాళ్ళ మాటలో బత్తాయి తోట, ఉంది. చీనీకాయలు ఎత్తే లారీల వాళ్ళతో ఆయనకు పరిచయం. విశాఖపట్నం వైపు నుంచి ఇనుప కడ్డీలు తెచ్చే బండ్లు ఈడ దించేసి, తిరుగు కిరాయి కోసం రెండు మూడు రోజులు ఆగుతాయని, వాటిలో పోతే సగానికి సగం తగ్గుతుందని ఆయనే చెప్పాడు. బస్సులో పోయి పెదనాన్నను వెంటబెట్టుకుని లారీ ఆఫీసుకు పోయాను. ఆఫీసు మనిషి పదిహేడు అడుగుల బండి ఇరవై ఎనిమిది వేలకు వస్తుందన్నాడు. సరేనన్నాను. తిరిగొచ్చి అక్కకు చెప్పగానే సాయంత్రానికి తన సగం, పద్నాలుగు వేలు, తెచ్చిచ్చింది. లెక్క పెట్టుకోమంది. నీ దగ్గర లెక్కేంది అక్కా అని అట్లాగే బీరువాలో పెట్టాను.

రెండు రోజులకు లారీ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. వంటగదిలో డబ్బాలకు మూతలు బిగిస్తున్నాను.

"అమ్మా, నువ్వు చెప్పిన పదిహేడు అడుగులది ఉండాది. ఇంకొకటి గూడా వచ్చిండాది, పద్నాలుగు అడుగులది. అది ఇరవై రెండుకే పోతాడంట. మీ సామాను ఎంతుండాదో నీకే తెలియాల. ఏది పంపీమంటావు?"

నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆ సంగతే ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఒక పూట ఆలోచించి, తికమకపడి, తప్పు వైపు మొగ్గి ఉంటే కొంత నయంగా ఉండేదేమో. చేతిలో మూత పట్టుకుని, ఆరు వేలు మిగులుతుంది, సర్దితే పడుతుంది అనుకున్నాను. చిన్నదే పంపమన్నాను. ఫోను పెట్టేసి మళ్ళీ మూతలు బిగించుకున్నాను.

కిందికి పోయి అక్కకు చెప్పడానికి పది మెట్లు దిగితే చాలు. చెప్తే తన మూడు వేలు తనకు తిరిగివ్వాలి. బండి చిన్నదంటే వద్దంటుంది. ఈ రెండూ నాకు అప్పుడే తెలుసు. తెలియక చేసింది కాదు. మా ఆయనకు మాత్రం, పెద్ద బండి వేరే లోడుకు పోయిందంట, చిన్నదే దొరికింది అని చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. కిరాయి తగ్గిందా అని కూడా అడగలేదు, డబ్బు సంగతులన్నీ నాకే వదిలేసే మనిషి.

బండి ఒక ఉదయం తొమ్మిదింటికి వచ్చింది. డ్రైవరు అనకాపల్లి మనిషి, నెమ్మదస్తుడు. హమాలీలు నలుగురు కావాల్సిన చోట ఇద్దరినే పిలిచాను, అదీ పొదుపే. అక్క పొద్దుననే తన సామానంతా గది బయట అరుగు మీద పేర్చుకుని, పీకో మిషన్‌కు పాత బొంత చుట్టి, తాడు కట్టి, దాని పక్కనే నిలబడింది. ఆమెది కిందనే ఉంది కాబట్టి ముందు ఆమెదే ఎక్కించడం సులువు. హమాలీ అట్లాగే చెయ్యి వేయబోయాడు. నేను పైనుంచి చెప్పాను.

"ముందు పెద్దవి ఎక్కించండప్పా. చిన్నవి సందుల్లో పడతాయి."

పెద్దవన్నీ మావే. సోఫా, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మిషన్, విప్పిన మంచం, మా పాప చదువుకునే బల్ల. పదకొండు గంటలకు బండి ముప్పాతిక నిండింది. తర్వాత నా పెట్టెలు, వరసగా, మీద రాతలతో. అక్క మంచం, బీరువా, గిన్నెల మూటలు, మామూలు మిషన్ ఎట్లాగో ఎక్కాయి. బల్ల, పీకో మిషన్ కింద మిగిలాయి.

డ్రైవరు బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"ఇంక పట్టదమ్మా. మీద కడితే తాడు నిలవదు. దారిలో పడిపోతే నాది పూచీ కాదు."

"సోఫా రొంత నిలబెడితే?" అన్నాను.

"నిలబెట్టే ఉందమ్మా."

అక్క బండిని ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఎండకేమో అనుకున్నాను. నేను గబగబా మాట్లాడటం మొదలుపెట్టాను. ఏం ఫర్వాలేదు అక్కా, వారంలో ఇంకో తిరుగు బండి ఉంటుంది, దాంట్లో వేయిస్తా, పెదనాన్నకు చెప్తా. ఆమె ఒకటే అడిగింది.

"మిషన్ ఒకటి బస్సులో వేస్తే రాదా పాపా?"

"బస్సు పార్సిల్‌కు శానా అయితాదక్కా," అన్నాను.

ఎంత అవుతుందో నాకు తెలియదు. నేనెప్పుడూ అడిగి చూడలేదు. నోటికి వచ్చింది, అనేశాను.

ఇంటి ఓనరు మరుసటి రోజే సున్నం కొట్టిస్తానన్నాడు, అక్కడ పెట్టనియ్యనన్నాడు. మా ఆయనతో కలిసి పనిచేసే ఒకతనికి జమ్మలమడుగులో ఇల్లుంది, వెనక రేకుల షెడ్డు ఉంది. ఫోను చేస్తే మధ్యాహ్నానికి ట్రాలీ ఆటోలో వచ్చాడు. బల్లనూ, మిషన్‌నూ దాంట్లో పెట్టేటప్పుడు అక్క బొంతను ఇంకొకసారి బిగించి కట్టింది. "వాన తగలనీకప్పా," అని అతనికి చెప్పింది. నా సోఫా అప్పటికి మైదుకూరు దాటి ఉంటుంది.

కడపలో రైలు ఎక్కాం, మేము ముగ్గురం, అక్క. ఆమె జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి తెచ్చింది, మా అందరికీ సరిపోయేటట్లు. నేను రైల్లో కొనే ఖర్చు ఎట్లా తప్పించాలా అని ముందే లెక్కేసుకున్నాను, అందుకని అది చూసి సంతోషించాను. తిన్నాను కూడా. చిన్నపాపకు ఆమె రొట్టె తుంచి పెడుతుంటే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ వారమే మా చెల్లెలికి ఫోను చేసి, ఎంత తక్కువలో వచ్చేశామో చెప్పుకున్నాను. సగం ఖర్చు అక్క పెట్టుకుందని చెప్పాను. సగానికంటే ఎక్కువ పెట్టుకుందని చెప్పలేదు.

గాజువాకలో మేము తీసుకున్న వాటాలో హాలు చిన్నది. సోఫా పెడితే తలుపు పూర్తిగా తెరుచుకునేది కాదు. మూడు నెలలు పక్కకు ఒదిగి నడిచాం. తర్వాత దాన్ని వచ్చిన ధరకు అమ్మేశాను. కొన్నవాళ్ళు మోసుకుపోతుంటే హాలు మధ్యలో ఖాళీగా మిగిలిన చోటు చూశాను. పీకో మిషన్ దాంట్లో మూడో వంతు చోటు కూడా తీసుకోదు.

అక్క, కూతురు మాకు రెండు వీధుల అవతల ఒక గది, వంటిల్లు తీసుకున్నారు. ఆమె చెప్పినట్లే అయింది. మామూలు మిషన్ కిటికీ దగ్గర పెట్టుకుని, తలుపుకు అట్టముక్క తగిలించి రెండు నెలలు కూర్చుంది. ఎవరూ రాలేదు. వచ్చిన ఒకరిద్దరూ పీకో వేస్తారా అని అడిగి, లేదంటే పోయారు. తర్వాత ఒక చీరల షాపులో కూలికి చేరింది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా వాళ్ళ మిషన్ మీద వాళ్ళ చీరలకు పీకో కుట్టేది. మధ్యాహ్నం అన్నం తినడానికి ఇరవై నిమిషాలు. ఇంట్లో తన మిషన్ ముందర ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వక్కపొడి వేసుకుని, దారిన పోయేవాళ్ళను పలకరించే మనిషి ఆమె.

మిషన్ గురించి నన్ను రెండుసార్లు అడిగింది. మొదటిసారి, వచ్చిన నెలకు.

"ఆ తిరుగు బండి ఏమన్నా దొరికిందా పాపా?"

"చెప్పినా అక్కా. పెదనాన్న చూస్తాండాడు."

నేను పెదనాన్నకు ఒకసారే ఫోను చేశాను. రెండు వస్తువులకు ఎవరొస్తారమ్మా, ఒక లోడు సామానన్నా ఉండాల అన్నాడు. అదే మాట ఆమెకు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

రెండోసారి దసరా ముందు. షాపులో పని ఎక్కువగా ఉందని, కళ్ళు లాగుతున్నాయని మాటల్లో చెప్పి, "మన మిషన్ ఉండి ఉంటే ఈ పండక్కు నాలుగు దుడ్లు కనపడేవి," అంది. ప్రశ్నలాగా అనలేదు. నేను చిన్నపాప పరీక్షల సంగతి ఎత్తుకున్నాను. ఆ తర్వాత ఆమె మళ్ళీ అడగలేదు. అడగకపోయేసరికి నాకు హాయిగా ఉంటుందనుకున్నాను. లేదు. ఆమె కూతురు రోడ్డు మీద కనిపించి తల ఊపి పోతే, ఈ పిల్లకు తెలిసిపోయింది అనుకునేదాన్ని. వాళ్ళ వీధిలోంచి కూరగాయలకు పోవడం మానేసి, దూరమైనా మెయిన్ రోడ్డు మీదనుంచి పోయేదాన్ని.

ఏడాది దాటాక మా ఆయన పాత ఫ్యాక్టరీలో పీఎఫ్ కాగితాల పని పడింది. ఆయనకు సెలవు దొరకలేదు, సంతకాలు పెట్టిన కాగితాలిచ్చి నన్ను పంపించాడు. ఆ పని గంటలో అయిపోయింది. జమ్మలమడుగులో ఆయన స్నేహితుడి ఇంటికి పోయాను. స్నేహితుడు డ్యూటీలో ఉన్నాడు, భార్య ఉంది. షెడ్డు చూపించింది.

రేకులో ఒకచోట చిల్లు పడింది. దాని కిందనే మిషన్. బొంత తడిసి, ఎండి, మళ్ళీ తడిసి, అట్టలాగా అయిపోయింది. తాడు ముడి అక్క వేసింది వేసినట్లే ఉంది. నా వేళ్ళకు రాలేదు, కత్తి అడిగి కోశాను. చక్రం తిప్పితే తిరగలేదు. సూది ఉండే చోట ఎర్రగా తుప్పు. బల్ల షెడ్డులో లేదు. ఎక్కడని అడిగాను.

ఆమె ఇబ్బందిపడింది. "ఏడాదాయె గదక్కా. మీరేమీ చెప్పకపోతిరి. చెదలు పట్టిండాది, వంటచెరుకుకు కొట్టిచ్చినాం. అడిగి చేయాల్సింది."

ఆమెను ఏమనగలను. మేము ఏడాదిలో ఒక్క ఫోనన్నా చేయలేదు.

ఆటోలో మిషన్‌ను ప్రొద్దుటూరు తీసుకుపోయాను. మా పాత వీధి చివర మిషన్లు బాగుచేసే ఒక సాయిబు ఉన్నాడు. అక్క మిషన్ అని చూడగానే గుర్తుపట్టాడు. మూత విప్పి, లోపలి తుప్పును వేలితో గీకి చూశాడు.

"ఆమె చేతి కింద ఈ మిషన్ నూనె పోసినట్టు నడిచేదమ్మా. ఇదేంది ఇట్ల చేసినారు?"

"వానకు తడిసింది," అన్నాను.

"తడవలా. తడవనిచ్చినారు," అన్నాడు, నా మొహం చూడకుండా. ఎవరిని అన్నాడో ఆయనకు తెలియదు.

రెండు రోజులు పట్టింది. మోటారు మార్చాడు, లోపల ముక్కలు కొన్ని మార్చాడు. నడుస్తుంది గానీ మునుపటి కుట్టు రాదు, మధ్యమధ్యలో తప్పుతుంది అని ముందే చెప్పాడు. మోటారుకు, బాగుచేసినందుకు ఆయన అడిగినంత ఇచ్చాను. బేరం చేయలేదు. బస్టాండులో పార్సిల్ ఆఫీసుకు పోయి తూకం వేయించాను. విశాఖపట్నానికి ఎంత అని అడిగాను. ఆ గుమాస్తా కాగితం మీద రాసి చూపించాడు. వెయ్యి కూడా లేదు. ఎప్పుడు చేరుతుంది అంటే రేపు సాయంత్రానికి అన్నాడు.

ఆ కాగితం పట్టుకుని పక్కన బెంచీ మీద కూర్చున్నాను. దాదాపు ఏడాది, రోజుకు పదకొండు గంటలు. వెయ్యి రూపాయల లోపు. నేను అడగని ఒక్క ప్రశ్న. వెనక ఎవరో రసీదు తొందరగా కానీమని కేక వేస్తే లేచాను.

తిరిగొచ్చిన ఆదివారం, ఆమెకు సెలవు రోజు, మిషన్ ఆటోలో పెట్టుకుని వాళ్ళింటికి పోయాను. కూతురు డ్యూటీకి పోయింది. అక్క బియ్యం ఏరుతూ ఉంది. మిషన్‌ను చూసి చేట పక్కన పెట్టింది. లేచి వచ్చి చక్రం మీద చెయ్యి వేసి తిప్పింది. ఒక చుట్టు తిప్పగానే ఆమెకు తెలిసిపోయింది.

"మోటారు మార్చినారా?"

"అవునక్కా. తుప్పు పట్టింది. బల్ల పోయింది."

"ఊ," అంది.

నేను నిలబడే ఉన్నాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ గుర్తు లేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పేశాను. బండి పదిహేడు అడుగులది కాదు, పద్నాలుగు అడుగులది. కిరాయి ఇరవై ఎనిమిది కాదు, ఇరవై రెండు. నీ మూడు వేలు నా దగ్గరే ఉన్నాయి. తెలిసే చేశాను.

ఆమె మళ్ళీ కూర్చుని చేట ఒళ్ళో పెట్టుకుంది.

"తెలుసు పాపా."

నాకు అర్థం కాలేదు.

"ముప్పై ఏండ్లు కంటి కొలతతో గుడ్డ కత్తిరిచ్చినదాన్ని. మూడు అడుగులు తక్కువైతే నాకు తెలియదా? బండి ఆగంగానే తెలిసింది. ఆ డ్రైవరుకు టీ ఇచ్చి అడిగితే కిరాయి గూడా చెప్పినాడు."

"మరి ఆ పొద్దే ఎందుకు అడగలేదక్కా?"

ఆమె ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"అడిగితే నువ్వు ఇంకో అబద్ధం చెప్పేదానివి. అది నీ నోటి నుంచి వినబుద్ధి కాలేదు. నువ్వే చెప్తావేమోలే అని రైల్లో చూసినా. ఈడికి వచ్చినాక చూసినా. రెండుతూర్లు మిషన్ మాట ఎత్తింది గూడా అందుకే. తర్వాత చూడటం మానుకున్నా."

"మీ పాపకు తెలుసా?"

"చెప్పలా. చెప్తే అది నీ ఇంటి మీదికి వచ్చేది. దానికేం తెల్దు."

రోడ్డు మీద ఆ పిల్ల కళ్ళలో నేను చూసిందంతా నేను పెట్టిందే. నేను ఏడ్చాను. అక్క ఓదార్చలేదు. నీళ్ళు తెచ్చిచ్చింది. మూడు వేలు, ఇంకో పది వేలు కలిపి కవరులో తెచ్చాను, ఆమె ముందర పెట్టాను. వద్దంటుందనుకున్నాను. అన్ని సంవత్సరాలు గౌన్లకు వద్దన్నట్లు నా చెయ్యి వెనక్కి నెడుతుందని, అప్పుడు నేను బతిమాలాలని, దారిలో అది కూడా అనుకున్నాను. ఆమె కవరు తెరిచి, పదమూడూ లెక్కపెట్టి, మూడు విడిగా తీసి చీర కొంగున ముడివేసుకుంది. మిగతా పదీ చూసింది.

"బల్లకు నాలుగు అయితాది. కొత్తది చేయిచ్చుకుంటా," అని నాలుగు తీసుకుంది. ఆరు నాకు తిరిగిచ్చింది. "షాపులో చేసిన పనికి నాకు వాళ్ళు ఇచ్చినారు. దానికి నువ్విచ్చేదేముండాది."

ఆ ఆరూ మళ్ళీ కవరులో పెట్టుకున్నాను. క్షమించమని అడగాలని వచ్చాను, అడిగాను కూడా. ఆమె సరేలే అంది. ఎట్లాంటి సరేలే అని ఆ రోజు నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను.

ఇంటికి వచ్చి మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కంచంలో అట్లాగే పెట్టి విన్నాడు. "నాకు ఒక మాట చెప్పి ఉంటే," అన్నాడు. ఆ వాక్యం పూర్తి చేయలేదు. నెల రోజులు ఖర్చుల సంగతి నేను ఏది చెప్పినా, అవునా, నిజంగానా అని అడిగేవాడు. ఎగతాళిగా కాదు, మామూలుగానే. అది ఇంకా కష్టంగా ఉండేది.

సాయిబు చెప్పినట్లే మిషన్ కుట్టు మధ్యలో తప్పుతుంది. పలుచటి చీరలకు పనికిరాదు. అక్క ముతక చీరలకు, లంగాలకు దాన్ని వాడుతుంది. పట్టుచీర వస్తే పక్క వీధిలో ఇంకొకామెకు ఇచ్చి కుట్టించి, ఆ లాభం ఆమెకే వదిలేస్తుంది. తర్వాత వచ్చిన దసరాకు షాపు మానేసింది. కొత్త బల్ల చేయించుకుంది. గిరాకీ నెమ్మదిగా కుదిరింది. మా పాప యూనిఫారం ఆమె దగ్గరే కుట్టిస్తాను. ఇప్పుడు డబ్బులు తీసుకుంటుంది. అందరి దగ్గరా ఎంత తీసుకుంటుందో అంతే, ఒక రూపాయి ఎక్కువా కాదు, తక్కువా కాదు. చిల్లర వెనక్కి ఇస్తుంది. చిన్నపాప అనే పిలుస్తుంది మా పాపను, నన్ను కూడా పాపా అనే అంటుంది. మా ఇంటికి మాత్రం రాదు. పిలిచినప్పుడల్లా పని ఉంది అంటుంది, నిజంగానే ఉంటుంది.

ఆదివారాలు రైతు బజారులో కలుస్తాం. ఈ ఊర్లో మా మాట మాట్లాడేవాళ్ళు మాకు తక్కువ. కూరగాయలామె మా మాట వినీ వినగానే, మీది సీమా అని నవ్వుతుంది. అక్క గోరుచిక్కుళ్ళు ఏరుతూ, వీటికి ఈడ రుచి లేదు పాపా, మనూర్లో ఎట్లుండేవి అంటుంది. అవునక్కా అంటాను. కొన్నాక సంచి బరువైతే నేను అందుకుంటాను. కొన్నిసార్లు ఇస్తుంది, ఆటో దాకా మోస్తాను. కొన్నిసార్లు, వద్దులే, నేను మోసుకుంటా అంటుంది. ఆ రోజుల్లో నేను ఆమె పక్కన ఊరికే నడుస్తాను.